మే నెలలో జలపాతమా, చెరువా? హైదరాబాద్ నుంచి పిల్లాపాపలతో ఒక్కరోజులో వెళ్లొచ్చే చోట్లు

వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు బొగత జలపాతం వీడియో పెడతారు. నురగలు కక్కుతూ దూకుతున్న నీళ్లు, కింద మడుగులో కేరింతలు కొడుతున్న జనం, దాని కింద "ఈ ఆదివారం వెళ్దామా?" అని ఒక మెసేజ్. ఆ వీడియో ఆగస్టులో తీసింది. మీరు వెళ్లబోయేది మేలో. ఈ తేడా పట్టించుకోకుండా బయల్దేరి, ఆరు గంటలు కారు తోలి, ఎండిన బండల ముందు సెల్ఫీ దిగి వచ్చేవాళ్లు ఏటా కనిపిస్తూనే ఉంటారు.

సంగతేమిటంటే, తెలంగాణలో బడులకు ఏప్రిల్ చివరి వారంలో సెలవులిచ్చి మామూలుగా జూన్ 12న తెరుస్తారు. నైరుతి రుతుపవనాలు మన దగ్గరికి వచ్చేదే దాదాపు జూన్ రెండో వారంలో. ఆ తర్వాత వానలు పడాలి, అడవి నేల తాగినంత తాగాలి, వాగులు నిండాలి; జలపాతం అనదగ్గ ధార కనబడేసరికి జూలై సగం అయిపోతుంది. అంటే పిల్లలకు సెలవులున్నప్పుడు జలపాతాల్లో నీళ్లుండవు, జలపాతాల్లో నీళ్లున్నప్పుడు పిల్లలకు పరీక్షలుంటాయి. కాబట్టి నా సలహా ఒక్కటే: సెలవుల్లో చెరువులు, రిజర్వాయర్లు పెట్టుకోండి, జలపాతాలను జూలై చివరి నుంచి దసరా మధ్యలో ఏ రెండో శనివారానికో వాయిదా వేయండి. దీనికి కొంత మినహాయింపు ఎత్తిపోతల, దాని సంగతి కింద చెప్తాను.

ముందు కారులో ఎవరెవరు ఎక్కుతున్నారు?

ఎక్కడికి వెళ్లాలన్నదాని కంటే ముందు తేలాల్సింది ఇది. ఐదేళ్లలోపు పిల్లలున్నా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లున్నా సగం చోట్లు అక్కడికక్కడే లిస్టులోంచి తీసేయాలి, ఎందుకంటే మన జలపాతాలు చాలావరకు లోయల్లో ఉంటాయి, దిగేటప్పుడు ఏమీ అనిపించదు, ఎక్కేటప్పుడే తెలుస్తుంది. మల్లెల తీర్థానికి 350 దాకా మెట్లు, కుంటాలకు 400 పైనే. మిట్టమధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో, నిద్రపోయిన పిల్లాణ్ని భుజాన వేసుకుని, ఇంకో చేత్తో అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కగలరా అన్నది ఇంట్లోనే వేసుకోవాల్సిన ప్రశ్న.

రెండోది ప్రయాణం. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు, పిల్లలతో ఒక్కరోజుకి అంతకు మించి పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. మూడోది నీడ. పదకొండు నుంచి నాలుగింటి దాకా ఎక్కడో ఒకచోట ఫ్యాను కింద కూర్చునే వీలుండాలి, ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూమ్ ఉండాలి. వ్లాగుల్లో ఎవరూ చెప్పరు గానీ ఇంటికొచ్చాక "ట్రిప్ బాగుంది" అనిపించేది సగం దీనివల్లే. ఈ విషయంలో టూరిజం వాళ్ల హరిత హోటళ్లున్న చోట్లు, అంటే నాగార్జునసాగర్, లక్నవరం, వికారాబాద్ అనంతగిరి, మిగతావాటికంటే నయం. గది తీసుకోకపోయినా భోజనానికి ఆగొచ్చు.

సాగర్ ప్లస్ ఎత్తిపోతల

మేలో ఒక్క ట్రిప్పే వెళ్తామంటే నేను చెప్పేది ఇదే. హైదరాబాద్ నుంచి 150, 160 కిలోమీటర్లు, ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా మూడు గంటలు. మియాపూర్, కొండాపూర్ వైపు ఉండేవాళ్లు ఊళ్లోంచి ఈదుకుంటూ రాకుండా ఔటర్ ఎక్కి బొంగుళూరు దగ్గర దిగితే నేరుగా సాగర్ రోడ్డే.

డ్యామ్ గురించి ఒక మాట ముందే పిల్లలకు చెప్పి పెట్టండి. 26 గేట్లూ ఎత్తి నీళ్లు దూకే సీన్ మేలో ఉండదు. కృష్ణకు వరద వచ్చి నీటిమట్టం పూర్తిస్థాయి 590 అడుగులకు దగ్గరపడితేనే గేట్లు ఎత్తుతారు, అది సాధారణంగా ఆగస్టు, ఆ తర్వాతి మాట. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన 124 మీటర్ల ఆ రాతికట్టడాన్ని కింద నుంచి తలెత్తి చూడటమే ఒక అనుభవం, దానికి గేట్లతో పని లేదు. నాకైతే అసలు ఆకర్షణ నాగార్జునకొండ. రిజర్వాయర్ నిండితే మునిగిపోయే లోయలో తవ్వి తీసిన ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ శిల్పాలను కొండ మీదికి చేర్చి మ్యూజియం కట్టారు, ఆ కొండే ఇప్పుడు దీవి. లాంచీలో దాదాపు గంట ప్రయాణం, నాలుగువైపులా నీళ్లు, గాలి. ఏడెనిమిదేళ్ల పిల్లలకు మ్యూజియం కంటే లాంచీయే గుర్తుంటుంది, ఫరవాలేదు.

ఇక్కడ చూసుకోవాల్సినవి మూడున్నాయి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. రిజర్వాయర్‌లో నీళ్లు బాగా తగ్గితే లాంచీలు ఆపేస్తారు, కాబట్టి ముందురోజు పేపర్లో సాగర్ నీటిమట్టం చూసి, టూరిజం ఆఫీసుకు ఒక ఫోన్ కొట్టండి. జనం సరిపడా వస్తేగానీ లాంచీ కదలదు, అందుకే మామూలు రోజుల్లో వెళ్తే రేవులో ఎదురుచూపులు తప్పకపోవచ్చు, ఆదివారం వెళ్తే రద్దీ తప్పదు. రెండిట్లో నేను ఆదివారం రద్దీకే ఓటేస్తాను, కనీసం లాంచీ కదులుతుంది.

తెల్లారి ఐదున్నరకు బయల్దేరితే ఎనిమిదిన్నరకు అక్కడుంటారు. ముందు లాంచీ, తర్వాత భోజనం, ఎండ తగ్గేదాకా విశ్రాంతి. సాగర్‌లోనే ఉన్న బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం కూడా చూడాలనుకుంటే సాయంత్రమే వెళ్లండి. 274 ఎకరాల్లో పరుచుకున్న ప్రాంగణం, మధ్యాహ్నం పూట అందులో నడవడమంటే వడదెబ్బకు కబురు పెట్టడమే. ఎత్తిపోతల, బుద్ధవనం రెండూ ఒకే సాయంత్రం కుదరవు. పిల్లలుంటే ఎత్తిపోతల ఎంచుకోండి.

ఎత్తిపోతల డ్యామ్ దాటాక మాచర్ల రోడ్డులో పదకొండు కిలోమీటర్లు, ఆంధ్ర వైపు, పల్నాడు జిల్లాలోకి వస్తుంది. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి పడుతుంది, మీరు ఎదురుగా వ్యూ పాయింట్ నుంచి చూస్తారు. వేసవిలో ధార సన్నబడుతుంది, ఆగస్టు ఫొటో ఊహించుకుని వెళ్లొద్దు, కానీ మిగతావాటిలా బండలు మాత్రమే మిగలడం తక్కువ. కింద మడుగులో మొసళ్లున్నాయి, అక్కడ మొసళ్ల పెంపక కేంద్రం పెట్టారు, కాబట్టి నీళ్లలో దిగే ప్రశ్నే లేదు. దీనివల్ల తల్లిదండ్రులకు టెన్షన్ లేదు, పిల్లలకు మాత్రం మొహం మాడిపోతుంది. "నీళ్లలో ఆడుకుందాం" అని చెప్పి తీసుకెళ్లకుండా "మొసళ్లను చూద్దాం" అని చెప్పి తీసుకెళ్తే సగం గొడవ తగ్గుతుంది.

రామప్ప, లక్నవరం

అందం విషయంలో సాగర్ కంటే ఇదే ఎక్కువ, అందులో అనుమానం లేదు. చిక్కల్లా దూరం. హైదరాబాద్ నుంచి లక్నవరం దాదాపు 220 కిలోమీటర్లు, వరంగల్ హైవే ఎంత బాగున్నా టీకి, టిఫిన్‌కి ఆగుతూ వెళ్తే నాలుగున్నర గంటలు. పైన నేను పెట్టిన మూడు గంటల రూలు ఇక్కడ పగిలిపోతుంది. అయినా వెళ్తామంటే తెల్లారి నాలుగున్నరకు కారు కదలాలి, పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టాలి, రాత్రి పదింటికి ఇల్లు చేరతామని మానసికంగా సిద్ధపడాలి.

వరసలో ముందు రామప్ప గుడి పెట్టుకోండి. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర పాలంపేటకు తిరగాలి. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. తొమ్మిదింటికి చేరితే మదనికల శిల్పాల మీద ఏటవాలుగా ఎండ పడుతుంటుంది, నల్లరాయి నిగనిగలాడుతుంది, ఫొటోలకు అదే సరైన టైము. పన్నెండు దాటితే ఆవరణలో బండల మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేరు, పిల్లలైతే ఎత్తుకోమని ఏడుపు. ఎందుకైనా మంచిది, అందరికీ ఒక జత పాత సాక్సులు బ్యాగులో పడేయండి. గుడికి దగ్గర్లోనే రామప్ప చెరువు, అక్కడా బోటింగ్ ఉంటుంది. పెద్దవాళ్లు అలసిపోతే లక్నవరం మానేసి ఇక్కడితోనే రోజు ముగించినా నష్టమేమీ లేదు.

లక్నవరం కూడా కాకతీయుల చెరువే. కొండల మధ్య నీళ్లు, నీళ్లలో దీవులు, దీవికి వేలాడే వంతెన. ఆ వంతెన నడుస్తుంటే ఊగుతుంది, పిల్లలు కావాలని ఇంకా ఊపుతారు, నానమ్మలు మధ్యలో తాడు పట్టుకుని ఆగిపోతారు. వేసవిలో ఇక్కడా నీటిమట్టం దిగుతుంది, ఎందుకంటే ఈ నీళ్లు మనం చూడటానికి కాదు, కింద ఆయకట్టులో యాసంగి వరికి పోతాయి. అయినా చెరువు చెరువులాగే ఉంటుంది, బోట్లు తిరుగుతాయి. దీవి మీద హరిత హోటల్లో మధ్యాహ్నం గడిపేయొచ్చు, సెలవుల్లో ఆదివారమైతే భోజనానికి క్యూ మాత్రం గట్టిగా ఉంటుంది.

నా తీర్పు: హన్మకొండ, కరీంనగర్ వాళ్లకు ఇది మొదటి ఛాయిస్, కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. హైదరాబాద్ వాళ్లు ఐదేళ్లలోపు పిల్లలుంటే ముందురోజు సాయంత్రమే వెళ్లి హన్మకొండలో పడుకుని పొద్దున్నే బయల్దేరండి, లేదంటే సాగర్‌కే ఫిక్స్ అవ్వండి. వరంగల్ వాళ్లకు రద్దీ వద్దనుకుంటే నర్సంపేట వైపు పాఖాల చెరువు కూడా ఉంది, 50 కిలోమీటర్లు, చుట్టూ అడవి, ప్రశాంతంగా ఉంటుంది, తిండీ నీళ్లూ మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లాలి.

దగ్గర్లో తెమిలేవి

చంటిపిల్లలుంటేనో, ఆదివారం సాయంత్రానికల్లా ఇంట్లో ఉండాలంటేనో వికారాబాద్ వైపు వెళ్లండి. కోట్‌పల్లి ప్రాజెక్టు హైదరాబాద్ నుంచి తొంభై చిల్లర కిలోమీటర్లు, కయాకింగ్‌కు పేరు. పదేళ్లు దాటిన పిల్లలు దీన్ని ఏ బోటింగ్ కంటే ఎక్కువ ఇష్టపడతారు, తెడ్డు వాళ్ల చేతిలోనే ఉంటుంది కదా. ఉదయం ఏడెనిమిదికే దిగాలి, పది దాటాక నీళ్ల మీద నుంచి కొట్టే ఎండకు కళ్లు తెరవలేం. నీళ్లు తగ్గినప్పుడు నడపరు, కనుక్కుని బయల్దేరండి. అక్కడి నుంచి అనంతగిరి గుట్టకు వచ్చి అనంతపద్మనాభస్వామి దర్శనం చేసుకుని, మూసీ పుట్టింది ఇక్కడే అని పిల్లలకు చూపించొచ్చు. హైదరాబాద్‌లో చూసే మూసీకి మొదలు ఈ అడవి అంటే నమ్మరు. ఒకటి గుర్తుంచుకోండి, మేలో అనంతగిరి పచ్చగా ఉండదు, ఆకురాల్చే అడవి, గోధుమ రంగులో ఉంటుంది. దారిలో చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు మాత్రం వేసవిలోనూ నీడ కాస్తాయి, పోయే దారే అందంగా ఉన్న ట్రిప్ ఇదొక్కటే.

మెదక్ వైపు పోచారం గురించి చాలామంది అడుగుతారు. చెరువుకోసమే అయితే మేలో వద్దు, బాగా తగ్గిపోతుంది. 1924లో ప్రారంభమైన మెదక్ చర్చి చూడటానికి వెళ్తూ, అక్కడికి దగ్గర్లోని పోచారం అభయారణ్యంలో జింకల్ని చూసి రావాలనుకుంటే బాగుంటుంది.

ఇక నల్లమల. మల్లెల తీర్థం వేసవిలో అడిగితే కాస్త తటపటాయిస్తాను. శ్రీశైలం హైవేలో మన్ననూరు, ఫర్హాబాద్ దాటి వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరగాలి, మొత్తం 185 కిలోమీటర్ల దాకా. లోయలోకి దిగితే చల్లగానే ఉంటుంది, కానీ ధార కాదు, రాతి మీద నుంచి బొట్లు బొట్లుగా కారే నీళ్లు. దానికోసం అన్ని మెట్లు ఎక్కి దిగడం పెద్దవాళ్లతో దండగ. పైగా అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు వదలరు, తిరుగు ప్రయాణంలో ఆలస్యం చేస్తే గేటు దగ్గరే జాగారం. అదే రోడ్డులో మన్ననూరుకు ముందు రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం ఉంది, కొండచరియ కింద గుడి, ఏడాది పొడవునా రాతిలోంచి ఊరే నీళ్లు. నల్లమల వైపే వెళ్లాలని పట్టుబడితే మే నెలలో ఇదే చూసి రండి. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది, స్టీలు సీసాలు తీసుకెళ్లండి. ఎండాకులతో నిండిన అడవిలో పొయ్యి వెలిగించి వంట మొదలుపెట్టొద్దు.

కుంటాల, పొచ్చెర, బొగత మూడూ జూలై దాకా మరిచిపోండి. కుంటాల 45 మీటర్ల ఎత్తు, కడెం వాగు నిండుగా ఉన్నప్పుడు చూడాల్సిందే, కానీ మేలో సన్నటి పాయలు తప్ప ఏమీ ఉండదు, 260 కిలోమీటర్లు వెళ్లి చూడాల్సినంత కాదు. బొగత ఇంకా దూరం, 280 పైన, ఏటూరునాగారం దగ్గర గోదావరి బ్రిడ్జి దాటి వాజేడు వెళ్లాలి, హైదరాబాద్ నుంచి ఒక్కరోజు ట్రిప్ అని ఎవరైనా అంటే వాళ్లు డ్రైవింగ్ సీట్లో కూర్చోరని అర్థం. ఇక వానల్లో వెళ్లినా లోతట్టు అడవిలోని జలపాతాల జోలికి పిల్లలతో పోవద్దు. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యంధార చూడబోయిన దాదాపు 80 మంది మధ్యలో వాగు పొంగి రాత్రివేళ అడవిలో చిక్కుకుపోతే ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. వరద ఎక్కువైతే బొగతలో కూడా స్నానాలు ఆపేస్తారు.

డబ్బు లెక్క కూడా చెప్పుకుందాం. లీటరుకు 15 ఇచ్చే కారు, పెట్రోలు 107 చిల్లర అనుకుంటే, కోట్‌పల్లికి రానూపోనూ 1,400 లోపు, సాగర్, ఎత్తిపోతల కలిపి 2,400, లక్నవరానికి 3,200, బొగతకు 4,000. టోలు, బోటు, తిండి దీని మీద. కోట్‌పల్లికీ లక్నవరానికీ మధ్య తేడాతో ఇంటిల్లిపాదీ ఒక పూట భోంచేయొచ్చు.

నీళ్ల దగ్గర

జలపాతం కంటే చెరువు సేఫ్ అన్న నమ్మకం చాలామందికి ఉంది, నేను ఒప్పుకోను. జలపాతం దగ్గర భయం కళ్లముందే కనబడుతుంది, చెరువు నిమ్మళంగా ఉండి మోసం చేస్తుంది. పూడిక తీసినప్పుడు, ఇటుక బట్టీలకు మట్టి తోడినప్పుడు పడిన గుంతలు నీళ్ల కింద అలాగే ఉండిపోతాయి. మోకాటి లోతే కదా అని నడుస్తుంటే తర్వాతి అడుగు నిలువెత్తు గుంతలో పడుతుంది. వేసవిలో నీళ్లు వెనక్కి తగ్గిన చోట ఒడ్డు పైకి ఎండి పెచ్చులు కట్టినట్టు కనిపిస్తుంది, కాలేస్తే పిక్కల దాకా దిగబడే ఒండ్రు. అందుకే బోటు ఎక్కండి, దర్జాగా ఎక్కండి, స్నానానికి మాత్రం ఏ రిజర్వాయర్‌లోనూ దిగొద్దు, ఈత వచ్చిన బావగారు ఎంత ధైర్యం చెప్పినా సరే. ఎవరైనా మునుగుతుంటే వెనకే దూకొద్దు, చున్నీయో తాడో కర్రో విసరండి. ఇలాంటి వార్తల్లో ఒకరి కోసం ఇద్దరు ముగ్గురు పోవడం ఎప్పుడూ చదివేదే.

లైఫ్ జాకెట్ ఇచ్చారు కదా అని ఊరుకోకండి. బోటింగ్ పాయింట్లలో ఎక్కువగా ఉండేవి పెద్దవాళ్ల సైజువే. పిల్లకు తొడిగి పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా లేచి వచ్చిందంటే నీళ్లలో అది ఒకవైపు, పిల్ల ఒకవైపు. చిన్న సైజు లేదంటే ఆ బోటు ఎక్కించకండి, ఏడిస్తే ఏడవనివ్వండి.

తిండి సంగతి క్లుప్తంగా. పులిహోర మధ్యాహ్నం దాకా ధీమాగా ఉంటుంది. దద్దోజనం తీసుకెళ్లేవాళ్లు పొద్దున అన్నం మెత్తగా చిదిమి గోరువెచ్చని పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగే కలిపి డబ్బా మూత పెట్టేయండి, ఒంటిగంటకు సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది, మామూలుగా పెరుగు కలిపితే ఆ ఎండకు పులిసిపోతుంది. వరంగల్ రోడ్డులోనూ సాగర్ రోడ్డులోనూ తాటిముంజలు కొట్టి ఇస్తుంటారు, కూల్‌డ్రింకుల బదులు అవి కొనండి, లేతవి చూసి తీసుకోండి, ముదురువి పిల్లలకు అరగవు.

మన తిరుపతి, విశాఖ చుట్టాలకు ఈ బాధలన్నీ కాస్త తక్కువే. తిరుపతి వాళ్లకు 270 అడుగుల తలకోన ఉంది, నారాయణవనం దగ్గర కైలాసకోన ఉంది, వేసవిలోనూ నీళ్లు చూడొచ్చు. విశాఖ వాళ్లకు తాటిపూడి రిజర్వాయర్ పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చే దూరం. సెలవులకు అటువైపు వెళ్తున్న హైదరాబాద్ వాళ్లు జలపాతం సరదా అక్కడే తీర్చుకుంటే సరి.

కారు లేనివాళ్లకు: సికింద్రాబాద్, బేగంపేట, లింగంపల్లి నుంచి వికారాబాద్‌కు రైళ్లున్నాయి, స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే అనంతగిరి ఐదారు కిలోమీటర్లే. కోట్‌పల్లి కూడా చూడాలంటే రానూపోనూ కలిపి ముందే బేరం ఆడుకోండి, అక్కడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆటో దొరకడం కష్టం. సాగర్‌కు ఎంజీబీఎస్ నుంచి ఆర్టీసీ బస్సు ఉంది, లక్నవరానికైతే పొద్దున్నే కాజీపేట దాకా రైల్లో వెళ్లి అక్కడ రోజంతటికీ బండి మాట్లాడుకోవడం నయం. నలుగురైదుగురు పెద్దవాళ్లుంటే హైదరాబాద్ నుంచే టాక్సీ తీసుకోవడానికి, దీనికి పెద్ద తేడా రాదు, కానీ పిల్లలకు రైలు ప్రయాణం అదనంగా దొరుకుతుంది.